కటింగ్ ప్లేయర్‌తో నేను చేసిన వైద్యం

పోయిన వారం రెడ్డిగూడెం నుంచి ఒక రైతు కాలిపోయిన బోరు మోటారు ఆటోలో వేసుకుని వచ్చాడు. తిరువూరులో నాది మోటారు వైండింగ్ షాపు. కాలిన రాగి తీగె పీకేసి, కొత్త తీగె చుట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టి ఇవ్వడం నా పని. ఆయన వెంట కూతురు కూడా వచ్చింది. పన్నెండేళ్ళుంటాయి. బెంచీ మీద కూర్చుని చెయ్యి దవడకి ఆనించుకుంది. మంచినీళ్ళిస్తే నోరు కొంచెమే తెరిచి తాగింది. పళ్ళ మీద కొత్త క్లిప్పులు కనిపించాయి. “మొన్న వేయించామండి. అన్నం ముట్టుకోట్లేదు. మీ అమ్మాయికీ వేయించారంట కదా, ఎన్నాళ్ళుంటదండి ఈ నొప్పి?” అని అడిగాడు. నేను తడుముకోకుండా చెప్పాను. మూడు నాలుగు రోజులు గట్టిగా ఉంటుంది, తర్వాత తగ్గుతుంది. గోరువెచ్చని నీళ్ళలో ఉప్పు వేసి పుక్కిలించమనండి. అన్నం మెత్తగా పిసికి పెరుగు కలిపి పెట్టండి, చల్లని మజ్జిగ హాయిగా ఉంటుంది. తీగె ఒరుసుకుంటే అక్కడ డాక్టరిచ్చిన మైనం అద్దాలి. బిళ్ళ డాక్టరు రాసిందే వెయ్యాలి. “మీకు బాగా తెలుసండి,” అన్నాడాయన వెళ్తూ. ఆ మాట విన్నాక చాలాసేపు పని చెయ్యలేకపోయాను. అదంతా నాకెలా తెలిసిందో ఆయనకి చెప్పలేదు మరి.

మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉండగా దానికి క్లిప్పులు వేయించాం. ముందు పళ్ళు రెండూ ఒకదాని మీదికొకటి ఎక్కి ఉండేవి. నవ్వొస్తే చున్నీ అడ్డం పెట్టుకునేది. విజయవాడలో ఒక డాక్టరమ్మ దగ్గరికి నెలకోసారి బస్సులో తీసుకెళ్ళేవాణ్ణి. మొదటి రోజు ఇంటికి రాగానే మా అమ్మ దాని నోరు తెరిపించి చూసి, “ఒరేయ్, గుర్రానికి కళ్ళెం వేసినట్టు వేయించావేంట్రా పిల్లకి,” అంది. పిల్ల నవ్వబోయి, నవ్వితే పెదవి తీగెకి తగిలి, కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తీగె బిగించిన ప్రతిసారీ ఇంట్లో వంట మారిపోయేది. పాలల్లో నానబెట్టిన ఇడ్లీ, సగ్గుబియ్యం జావ, పప్పు నీళ్ళలా చేసి కలిపిన అన్నం. జంతికలు, జామకాయలు, పల్లీపట్టీ దానికి కనబడకుండా మా ఆవిడ పై అరలో దాచేది. నేను మాత్రం వేళాకోళం చేసేవాణ్ణి. “నేనూ రోజూ తీగెలు బిగిస్తానమ్మా, ఏ మోటారూ ఏడవలేదు,” అనేవాణ్ణి. షాపులో కూర్చున్న రైతులు నవ్వేవాళ్ళు. వాళ్ళు నవ్వుతున్నారు కాబట్టి మర్నాడు మళ్ళీ అనేవాణ్ణి.

అయినా ఆ రోజుల్లో నొప్పి వస్తే పిల్ల ముందు నా దగ్గరికే వచ్చేది. అమ్మ కంగారు పడుతుందని. బడి నుంచి నేరుగా షాపుకొచ్చి, బెంచీ మీద కూర్చుని, “ఇక్కడ నాన్నా,” అని వేలితో బుగ్గ చూపించేది. నేను సెల్‌ఫోన్ లైటు వేసి చూసేవాణ్ణి. చూడటం వల్ల ఏమీ తగ్గదు. కానీ చూపించుకుని వెళ్ళిపోయేది, సగం తగ్గినట్టుగా.

ఒక ఆదివారం మా ఆవిడ వాళ్ళ అక్కతో కలిసి నెమలి ఊళ్ళో గుడికి వెళ్ళింది. మామిడి తోటలకి నీళ్ళు పెట్టే రోజులు. షాపులో అయిదారు మోటార్లు విప్పి నేల మీద పడున్నాయి, విస్సన్నపేట నుంచి ఒకాయన గంటకోసారి ఫోన్ చేస్తున్నాడు. అప్పుడొచ్చింది పిల్ల. వెనక దవడ పన్ను దగ్గర తీగె కొస బయటికి జారి బుగ్గలో గుచ్చుకుంటోంది. లోపల ఎర్రగా పుండు పడింది. క్లినిక్కుకి ఫోన్ చేస్తే, “మైనం పెట్టి రేపు తీసుకురండి సార్, మీరేం కదిలించొద్దు,” అన్నారు. రేపంటే ఒక రోజు పని పోయినట్టే. పైగా నాకు ఒళ్ళు మండింది. పొద్దున లేస్తే తీగెతోనే బతికేవాణ్ణి, గోరంత లేని తీగె ముక్క కత్తిరించడానికి విజయవాడ దాకా పోవాలా అనుకున్నాను. కటింగ్ ప్లేయర్ వేడినీళ్ళలో కడిగాను. అదే నా మనసులో వైద్యం. “నోరు తెరువు తల్లీ, ఒక్క క్షణం,” అన్నాను. పిల్ల ప్లేయర్ వైపు చూసింది, నా వైపు చూసింది, నోరు తెరిచింది.

రాగి తీగె చెప్పినట్టు వింటుంది. ఆ తీగె వినలేదు. నొక్కితే తెగకుండా ప్లేయర్ జారింది. జారినప్పుడు తీగె వంకరపోయి, వెనక పంటికి అతికించిన, తీగెని పట్టి ఉంచే చిన్న లోహపు బిళ్ళ టక్కున ఊడి నాలుక మీద పడింది. ప్లేయర్ కొస బుగ్గకి తగిలి నెత్తురొచ్చింది. పిల్ల అరవలేదు. బిళ్ళ అరచేతిలోకి ఉమ్మేసి, “అయిపోయిందా నాన్నా?” అని అడిగింది. అయిపోయిందన్నాను.

మర్నాడు విజయవాడ వెళ్ళాం. డాక్టరమ్మ దాన్ని కుర్చీలో పడుకోబెట్టి, పెదవులు రెండు పక్కలకీ లాగి పట్టే ప్లాస్టిక్ ముక్క పెట్టింది. దీపం కిందికి వంచి చూసి, “తీగె ఇంతలా వంగిందేంటి? ఇంట్లో ఏమైనా చేశారా అండీ?” అని నన్నడిగింది. అడిగిన తీరులో కోపమేమీ లేదు. తెలుసుకోవడానికే అడిగింది. గదిలో ఇంకో తల్లీ కొడుకూ కూర్చుని ఉన్నారు. వాళ్ళ ముందు, మోటార్లు బాగుచేసే ప్లేయర్ పిల్ల నోట్లో పెట్టానని చెప్పడానికి నాకు నామోషీ అనిపించింది. “లేదండీ. ఏదో కొరికి ఉంటుంది. పిల్లలు చెప్తే వింటారా?” అన్నాను. డాక్టరమ్మ పిల్ల వైపు తిరిగింది. “ఇలా చేస్తే ఇంకా నెలలు పెరుగుతాయమ్మా. నీ నోరు, నువ్వు కాకపోతే ఎవరు చూసుకుంటారు?” అని గట్టిగానే మందలించింది. ప్లాస్టిక్ ముక్క వల్ల పిల్లకి జవాబు చెప్పే వీలు లేదు. కళ్ళు మాత్రం నా వైపు తిప్పింది. నేను గోడ మీది పళ్ళ బొమ్మలు చూస్తూ నిలబడ్డాను.

తిరుగు బస్సులో దాని నోట్లో ఆ ప్లాస్టిక్ ముక్క లేదు. రెండు గంటల పైన ప్రయాణం. ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చాక మా ఆవిడ “ఏమైందే?” అంటే, “ఏదో కొరికానమ్మా,” అంది. నేను గుమ్మంలో చెప్పులు విప్పుతున్నాను. ఆ క్షణంలోనైనా చెప్పి ఉండవచ్చు. చెప్పులు విప్పుకుని లోపలికెళ్ళాను. ఆ ఏడాదంతా మా ఆవిడ దానిమీద ఒక కన్నేసే ఉంచింది. దాని పుస్తకాల సంచీ వెతికేది, “మళ్ళీ ఏం కొరుకుతున్నావే?” అని అందరి ముందూ అనేది. పిల్ల తలొంచుకునేది.

ఆ తర్వాత అది షాపుకి రావడం మానేసింది. తీగె బిగించిన రోజు నేనే అడిగేవాణ్ణి, నొప్పిగా ఉందా అని. “లేదు నాన్నా.” అన్నం సగం వదిలేసి లేచేది, అయినా లేదనేది. ఒకరోజు పెరట్లోకి వెళ్తుంటే పంపు ధార చప్పుడు వినిపించింది. పంపు పూర్తిగా తిప్పి పెట్టి, ఆ చప్పుడు చాటున ఉప్పునీళ్ళు పుక్కిలిస్తోంది. వినబడకూడదని. నేను అడుగుల చప్పుడు కాకుండా వెనక్కి వచ్చేశాను. రైతుకి నేను చెప్పిన జాగ్రత్తల్లో ఎక్కువ భాగం అలా చాటున చూసి నేర్చుకున్నవే, అది చెబితే విన్నవి కావు. పళ్ళు చక్కగా వరసలోకి వచ్చాయి. ఇప్పుడది విజయవాడలో డిగ్రీ చదువుతోంది, చున్నీ అడ్డం లేకుండా నవ్వుతుంది. చూసినవాళ్ళంతా మంచి పని చేశావని నన్ను మెచ్చుకుంటారు.

రైతు వచ్చి వెళ్ళిన మూడో రోజు ఆదివారం, అది ఇంటికొచ్చింది. వాళ్ళమ్మ వంటింట్లో ఉంది. ఇది వరండాలో కూర్చుని బట్టలు మడతపెడుతోంది. పక్కన కూర్చుని, “ఆ రోజు డాక్టరమ్మ దగ్గర నేను అబద్ధం చెప్పానమ్మా,” అన్నాను. ఎన్నో రోజులు కూడబలుక్కున్న మాట.

“తెలుసు నాన్నా. నేనక్కడే ఉన్నాను కదా,” అంది.

మడత పూర్తిచేసి పక్కన పెట్టింది. “అమ్మకైనా చెప్తావేమోనని చాన్నాళ్ళు చూశాను. తర్వాత చూడ్డం మానేశాను. పోన్లే, ఇప్పుడెందుకు?”

నేను లేచి వంటింట్లోకి వెళ్ళి మా ఆవిడకి మొత్తం చెప్పాను. ప్లేయర్ సంగతి, డాక్టరమ్మ అడిగిన సంగతి, అన్నీ. ఆమె స్టవ్వు కట్టేసి, చేతులు తుడుచుకుంటూ వరండా వైపు చూసి, “దాన్ని ఏడాది పాటు తిట్టాను కదండీ,” అంది మెల్లగా. తర్వాత బయటికెళ్ళి కూతురి పక్కన కూర్చుంది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు.

నేను తప్పు ఒప్పుకున్నది ఇరవయ్యేళ్ళ అమ్మాయి ముందు, ఆమె పెద్ద మనసుతో పోన్లెమ్మంది. పోన్లెమ్మనవలసిన పిల్లకి పదమూడేళ్ళు. నేను ఒక్కో రోజూ రేపు చెబుదామనుకుంటూ ఉండగానే ఆ పిల్ల పెరిగి వెళ్ళిపోయింది.