వాషరు కింది బెజ్జం

ఏండ్ల తరబడి ఒక మాట నా లోపల ఉండాది. బరువు అంటారు గదా, మొదట్లో బరువుగానే ఉండింది. రాను రాను తిమ్మిరెక్కిన కాలు మాదిరి అయిపోయింది. ఉండాదని తెలుస్తాది, గిల్లితే నొప్పి తెలీదు. నువ్వెవరో నాకు తెలీదు. నా పేరు నీకు చెప్పను. అందుకేనేమో, నీకైతే చెప్పగలననిపిస్తాండాది. చదివినాక తిట్టుకుంటావో, పక్కన పడేస్తావో, నీ ఇష్టం.

నేను మిషన్ పనోణ్ణి. లేతు, డ్రిల్లింగు, వెల్డింగు, ఇదే నా బతుకు. పని నేర్చుకునింది మదనపల్లెలో, సొంతంగా అంగడి పెట్టుకునింది పుంగనూరులో. ఎవరు ఏది తెచ్చినా కాదనేవాణ్ణి కాదు. అదేదో మంచి గుణమని చెప్పుకోడానికి రాయలేదు ఈ మాట. మా అంగడికి ఎదురుగా, రోడ్డుకు ఆ పక్క, ఇంకో అంగడి ఉండేది. నేను 'ఈ పొద్దు కాదప్పా' అంటే వచ్చినోడు రోడ్డు దాటి ఆడికి పోతాడు. వాళ్లు దాటిపోతా ఉంటే సూడటం నాకు సయించేది కాదు. అంతే, ఇంకేం లేదు.

ఒక పొద్దు రామసముద్రం పక్క పల్లె నుంచి ఒకాయన సొప్ప కత్తరించే మిషన్ చక్రాన్ని మోపెడ్ మీద కట్టుకోని వచ్చినాడు. ఆవులుండే ఇండ్లల్లో ఆ మిషన్ ఉంటాది. ఒక పక్క నుంచి సొప్ప దోస్తే, చక్రానికి బిగించిన కత్తులు గిర్రున తిరుగుతా తునకలు చేస్తాయి. పాత కత్తులు అరిగిపోయినాయని ఆయన కొత్తవి కొన్నాడు. వాటి బెజ్జాలు చక్రం బెజ్జాలకు కుదరలేదు. చక్రానికి కొత్తగా బెజ్జాలు వేసి, కత్తులు బిగించి ఇయ్యాల. అదీ పని.

ఆయన తొందరలో ఉండాడు. వాళ్ల ఊర్లో గంగ జాతరకు సాటింపు వేసేసినారు. దండోరా పడినాక ఊరోళ్లు బయట నిద్ర చేయకూడదు, పొద్దుగూకే లోపల ఊర్లో ఉండాల. మా ఊర్లోనూ అంతే, నాకు తెలీని సంగతి కాదు. పొద్దు చూస్తే అప్పటికే వాలిపోయింది. నా కాడ ఆ సైజు డ్రిల్లు బిట్టు ఒకటే ఉండింది, దాని మూతి మొద్దుబారిపోయింది. సానరాయి పగిలిపోయి, కొత్తది ఇంకా తేలేదు. చక్రం ఈడ పెట్టిపో, రేపొచ్చి తీసకపో అని ఒక్క మాట అనుంటే సరిపోయేది. జాతర రాత్రి నిద్రకే గదా అడ్డం, పగలు రావడానికి ఏం అడ్డం? ఆయన తలకాయ ఊపి పోయేవాడు. లేదంటే రోడ్డు దాటేవాడు. ఆ రెండోది జరుగుతాదేమో అనే నేను నోరు తెరవలేదు. ఇన్నేండ్లలో ఎన్నోసార్లు తప్పును ఆ సాటింపు మీదికి తోసి సూసినా. నిలబడదు.

బెజ్జం వేసేదానికి ఒక పద్ధతి ఉండాది. యాడ వేయాల్నో గుర్తు గీసి, ఆ గుర్తు నడుమ పంచి, అంటే మొన ఉండే ఉక్కు కడ్డీ, పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ కొట్టాల. చిన్న గుంత పడతాది. బిట్టు మూతి ఆ గుంతలో కూర్చుంటే పక్కకు జారదు. తర్వాత సన్న బిట్టుతో ముందు వేసి, లావు బిట్టుతో పెద్దది చేయాల. మదనపల్లెలో నాకు పని నేర్పిన పెద్దాయన, పంచి కొట్టకుండా బిట్టు దించితే చేతి మీద ఒకటి పీకేవాడు. ఎవరికైనా నేర్పేటప్పుడు నేనూ అదే చెప్తాను, ఇప్పటికీ.

ఆ పొద్దు నేను పంచి కొట్టలేదు. యాల కొట్టలేదు? సుత్తి దూరంగా ఉండిందా? లేదు, చెయ్యి చాపితే అందేది. మరిచిపోయినానా? అదీ కాదు. ఆయన మాటిమాటికీ రోడ్డు పక్కకు సూస్తా ఉండాడు, ఆయన సూపుకు నాకు చేతులు తొందర పడినాయి. కడమవి ఎట్లో కుదిరినాయి. ఒకటి కుదరలేదు. మొద్దు బిట్టు ఇనుము మీద జారి గుర్తు పక్కన దిగింది. బోల్టు పెట్టి సూస్తే దూరలేదు.

అప్పుడు నేను చేసిన పని చెప్తా, విను. అదే బెజ్జంలో బిట్టును పెట్టి, చక్రాన్ని అటూ ఇటూ ఒత్తినా. పోత ఇనుము గదా, నల్లగా పొడి రాలింది. గుండ్రంగా ఉండాల్సిన బెజ్జం కోడిగుడ్డు మాదిరి సాగింది. బోల్టు దూరింది. దూరితే సాలదు, అట్లాంటి బెజ్జంలో బోల్టు నిలవదు, మిషన్ అదిరే కొద్దీ వదులవుతాది. ఇది నాకు తెలుసు. తెలిసే ఒక పెద్ద వాషరు తీసి దాని మీద కప్పి, బలంగా బిగించేసినా. పైనుంచి సూస్తే సక్కంగా ఉండాది. మా పనిలో అందరూ చేసేదే ఇది. గేటుకు చేస్తారు, నీళ్ల ట్యాంకు స్టాండుకు చేస్తారు, దానికేం కాదు. తిరిగే కత్తికి ఎవరూ చేయరు. నేను చేసినా. ఆయన సంతోషంగా చక్రం కట్టుకోని పొద్దుండగానే పోయినాడు. నేనూ సంతోషంగానే ఉండినా. రోడ్డు దాటిపోలేదు గదా.

జాతర అయిపోయి కొన్నాళ్లకు అదే చక్రం మళ్లీ మా అంగడికొచ్చింది, విరిగిన కత్తి తీసి కొత్తది బిగించాలని. ఈసారి ఆయన పెండ్లాం కూడా వచ్చింది. ఆమె పేరు రెడ్డెమ్మ. అదే మొదలు నేను ఆమెను సూడటం. కుడిచేతికి కట్టు. ఆ కట్టు ఉండాల్సినంత పొడుగు లేదు. అది సూడంగానే నాకు అర్థమైపోయింది, ఎవరూ ఏమీ చెప్పకముందే.

జరిగింది ఆయనే చెప్పినాడు. ఆమె సొప్ప దోస్తా ఉండింది. దూడ తాడు విడిపించుకోని పోతాంటే తల తిప్పి సూసింది. అంతలోనే ఫట్‌మనింది. ఒక కత్తి విరిగిపోయింది, ఆమె మూడు వేళ్లు పోయినాయి. పరధ్యానంగా చెయ్యి లోపలికి పెట్టేసింది, చెయ్యి అడ్డం పడి కత్తి విరిగింది, అని ఆయన లెక్క. ఊరంతా అదే లెక్క. నేను చక్రం దించి సూసినా. ఆ వాషరు పక్కకు జరిగి ఉండాది. దాని కింద బెజ్జం అంచులు బోల్టు తగిలి తగిలి మెరిసిపోతాండాయి. బోల్టు వదులై, కత్తి ఒరిగి, మిషన్ మూతికి కొట్టుకోని విరిగింది. విరిగిన ముక్క ఆమె చేతి మీదికొచ్చింది. ఆమె చెయ్యి ఉండాల్సిన చోటనే ఉండింది. ఇనుము సదివేవాడికి అది తెల్లకాగితం మీద రాసినంత తేటగా ఉంటాది. ఆడ నేను తప్ప ఇనుము సదివేవాడు ఎవరూ లేడు.

రెడ్డెమ్మ స్టూలు మీద కూర్చోని నన్నే సూస్తాండాది. అడిగింది.

"అన్నా, మిషన్‌ది ఏమన్నా తప్పుండాదా సూడు. నాకు చెయ్యి లోపలికి పెట్టినట్టు గ్యాపకం లేదు."

నేను తల ఎత్తలేదు. "మిషన్‌కేం కాలేదమ్మా. బాగుండాది."

"కత్తి ముందే వదులుగా ఉండిందేమో? రెండు రోజులుగా ఏదో టకటకమనేది."

"సొప్ప గట్టిగా ఉంటే అట్లే శబ్దం వస్తాది. నువ్వే రవ్వంత సూసుకోవాల్సింది."

ఆయన వెంటనే అందుకున్నాడు. "సూస్తివా? నేను చెప్తే ఇనలా. మిషన్ పనాయనే చెప్తాండాడు ఇప్పుడు."

ఆమె కట్టు కట్టిన చేతిని ఒళ్లోకి తీసుకునింది. "అట్లయితే నాదేలే అన్నా," అనింది. 

నేను ఏం చేసినానో తెలుసునా? ఆ చక్రాన్ని డ్రిల్లింగ్ మిషన్ కిందికి ఎక్కించినా. ఈసారి గుర్తు గీసినా, పంచి కొట్టినా, సన్న బిట్టుతో ముందు వేసినా. అన్ని బెజ్జాలూ ఒక సైజు పెద్దవి చేసి, లావు బోల్టులు బిగించినా. సాగిన బెజ్జం ఆ పెద్ద బెజ్జంలో కలిసిపోయింది. నా జన్మలో అంత నీటుగా ఎప్పుడూ పని చేయలేదు. రాలిన పొడి ఊడ్చి బయట పోసినా. ఆ పొద్దు ఇంటికిపోయి ఎప్పటి మాదిరే అన్నం తిన్నా. కడుపు నిండా తిన్నా. అది తలుచుకుంటే నాకే వింతగా ఉంటాది.

వేళ్లు పోయింది ఒకటి. దాని తర్వాత ఆమెకు పోయినవి నాకు మెల్లమెల్లగా తెలిసొచ్చినాయి. ఆ ఇంట్లో పాలు పిండేది ఆమే. ఆవులు ఆమె చేతికి అలవాటు పడినాయి, వేరే చెయ్యి పడితే పాలు సేపేవి కావు, తన్నేవి. చివరికి అమ్మేసినారు. పాలకేంద్రం కాడ ఆమెకుండే మర్యాద పోయింది. ఏ పిల్ల పనిలో అజాగ్రత్తగా ఉన్నా, ఆ పల్లెలో 'రెడ్డెమ్మ మాదిరి పరధ్యానం' అనే మాట పుట్టిందంట. ఆ ఊరాయన ఒకాయన మా అంగట్లో నవ్వతా చెప్పినాడు. నేనూ నవ్వినా. ఛీ. ఈ ఒక్కటి రాస్తాంటే మాత్రం నాకు నొప్పి రవ్వంత తెలుస్తాండాది.

తర్వాత కుప్పానికి వచ్చేసినా. ఈ పక్క పని ఎక్కువ దొరుకుతాదని అందరికీ చెప్పినా. పుంగనూరు అంగట్లో కూర్చుంటే, మోపెడ్ ఆగిన ప్రతిసారీ మెడ తిప్పి సూడాల్సి వచ్చేది. అందుకు వచ్చేసినా.

ఇప్పుడు ఇది రాయడానికి కారణం ఈ మధ్యన జరిగింది. సొప్ప మిషన్లు అమ్మే ఒకాయనకు నేను బిగింపు పని చేసిపెడతాను. ఆయన నన్ను రామసముద్రం పక్కకు పిలుచుకోని పోయినాడు. కొత్త మిషన్లు తీసుకునే ఆడోళ్లకు వాడే విధానం చూపించాలంట. యా ఊరో నేను అడగలేదు. ఆడికి పోయినాక తెలిసింది, అది వాళ్ల ఊరేనని.

మీటింగులో రెడ్డెమ్మను ముందుకు పిలిచినారు, అందరికీ జాగ్రత్తలు చెప్పమని. ఆమె ఇప్పుడు అదే పని చేస్తాదంట, యాడ మిషన్లు ఇచ్చినా పోయి చెప్తాదంట. తల నెరిసిపోయింది. కుడిచెయ్యి పైకెత్తి సూపించింది. మీరు నా మాదిరి చేయొద్దండమ్మా, మిషన్ తిరుగుతా ఉంటే తల తిప్పొద్దు, నేను తల తిప్పినా, నా తప్పుకు నేను అనుభవించినా, అని చెప్పింది. గొంతులో ఏడుపు లేదు. చాలాసార్లు చెప్పి చెప్పి అరిగిన మాటలు అవి. ఒకామె లేచి, మిషన్ బాగలేక కూడా అట్లయితాది గదా అని అడిగింది. అప్పుడు రెడ్డెమ్మ నన్ను సూసింది. గుర్తుపట్టింది. మొగం విప్పారింది.

"ఇదో, ఈ అన్ననే అడగండి. మా మిషన్ ఇప్పి సూసింది ఈయనే. మిషన్‌ది తప్పేం లేదని నిజం చెప్పినాడు. లేకుంటే తప్పు మిషన్ మీదికి తోసేసి, జాగ్రత్త నేర్చుకోకనే బతికుండేదాన్ని."

అని నాకు దండం పెట్టింది. అందరూ నా పక్కకు తిరిగినారు. నేను తల ఊపినా.

మొదటిసారి భయపడి అబద్ధం చెప్పినా అని నాకు నేను సర్దిచెప్పుకుంటా వచ్చినా ఇన్నేండ్లు. ఈసారి భయం యాడుండాది? ఎవరు నన్నేం చేస్తారు? ఆమె నాకు దండం పెట్టకుండా ఉంటే నోరు తెరిచేవాణ్ణేమో. ఏమో, తెరిచేవాణ్ణి కాను. ఇప్పుడు చెప్తే ఆమెకు ఏమొస్తాది, ఉండే నెమ్మది కూడా పోతాది, అని కూడా అనుకున్నా. అది నాకు అనుకూలంగా నేనే వేసుకునే ప్రశ్న. ఆమెకు ఏమొస్తాదో తేల్చాల్సింది ఆమె.

రేపు పోయి ఆమెకు చెప్తానని నీకు మాటియ్యను. నన్ను నేను అంత నమ్మను. నువ్వు నన్ను క్షమించాల్సిన పనీ లేదు, అది నీ చేతిలో లేదు. నాకు కావాల్సింది ఒకటే, ఈ మాట నా బయట యాడన్నా ఉండాల. ఇంతవరకు దీన్ని నోటితో కూడా అనలేదు, ఒంటరిగా ఉన్నప్పుడు కూడా. ఇప్పుడు అంటాండా. రెడ్డెమ్మ చెయ్యి లోపలికి పెట్టలేదు. ఆమె తప్పు ఏమీ లేదు. ఆ బెజ్జం తప్పుగా వేసింది నేను, తెలిసి మూసింది నేను.