నాలుగు తలుపుల మీద ఒకే గీత

సునామీ వచ్చిన ఉదయం మా ఇంట్లో మనుషులం నలుగురం, వాహనం ఒక్క స్కూటరు. పోర్ట్‌బ్లెయిర్‌లో సముద్రానికి దగ్గరగా, పల్లంలో అద్దెకు ఉండేవాళ్లం. భూమి కంపించడం ఆగగానే అమ్మను, ఆరేళ్ల మా అమ్మాయిని స్కూటరు మీద ఎక్కించుకుని లంబాలైన్‌లో గుట్ట మీద ఉన్న మా వదినగారింటికి చేర్చి, నా భార్య కోసం వెనక్కి వచ్చాను. రానూపోనూ ఇరవై రెండు నిమిషాలు పట్టింది. నేను వచ్చేసరికి ఆమె పక్కింటి డాబా మెట్ల మీద, మోకాళ్ల లోతు నీటిలో నిలబడి ఉంది. వారం తరువాత అన్నం వడ్డిస్తూ, ఏదో గుర్తొచ్చినట్టు, "ఇంకోసారొస్తే అందరం ఒకే ట్రిప్పులో వెళ్లాలి" అంది.

మేము కారు కొన్నది అందుకే. ఆ సంగతి కారు అమ్మిన మనిషికి కూడా తెలుసు. అందుకే అతణ్ని నేను క్షమించలేదు.

అతను మా నాన్నకు స్నేహితుడు. రెండు కుటుంబాలూ శ్రీకాకుళం వైపు నుంచి ఒకే కాలంలో ఈ దీవులకు వచ్చినవే. ఊళ్లోనే బతు బస్తీలో హార్డ్‌వేర్ దుకాణం, దానితో పాటు కాంట్రాక్టు పనులు ఉండేవి అతనికి. చిన్నప్పటి నుంచి బాబాయి అని పిలిచేవాణ్ని. సునామీ తరువాత ఊళ్లో పాత బండి కొనాలంటే అందరూ మొదట అడిగే ప్రశ్నే నేనూ అడిగాను: ఆ రోజు ఇది ఎక్కడ ఉంది?

"రంగత్‌లో ఉంది బాబూ, అవతలి దీవిలో మా బామ్మర్ది ఇంటికాడ. సముద్రం మొహమే సూళ్లేదు. గాడీ ఏక్‌దమ్ ఫస్ట్‌క్లాస్. మీ నాన్న కొడుక్కి నేను అబద్ధం సెప్తానేటి?"

మూడు సిలిండర్ల చిన్న తెల్ల కారు. నేను ఓడల మరమ్మతు కర్మాగారంలో డీజిల్ ఇంజన్ల విభాగంలో పని చేసేవాణ్ని. కనుక బానెట్ ఎత్తి, గేజి పెట్టి మూడు సిలిండర్లలోనూ కంప్రెషన్ చూశాను. మూడూ సమానంగా ఉన్నాయి. నూనె శుభ్రంగా ఉంది. స్పార్క్ ప్లగ్గుల రంగు సరిగ్గా ఉంది. తుప్పు కొంత కనబడింది కానీ, ఈ దీవుల్లో తుప్పు లేని బండి ఉండదు. ఇంజన్ బాగుంటే బండి బాగున్నట్టేనని ఇంజన్ మనిషి అనుకుంటాడు. నా పొరపాటు అదే. ఆగి ఉన్న ఇంజన్ మునిగితే, వెంటనే నూనె దించి డీజిల్‌తో కడిగినవాడు దాన్ని బతికించగలడు. తలుపుల లోపలి ఇనుమునూ, కార్పెట్ కింది తీగలనూ అలా బతికించడం ఎవరివల్లా కాదు. నేను కార్పెట్ ఎత్తి చూడలేదు. బాబాయి ముందు సీట్లో కూర్చుని మా నాన్న కబుర్లు చెబుతున్నాడు. పెద్దమనిషిని దిగమని చెప్పి కాళ్ల కింది కార్పెట్ లాగడం మర్యాద కాదనుకున్నాను.

రెండేళ్లు చిన్న చిన్న లోపాలే వచ్చాయి. ఒకసారి ఇండికేటరు, ఒకసారి హారను, ఒకసారి వెనుక దీపం. మూడో వర్షాకాలంలో ఒక మధ్యాహ్నం భూమి మళ్లీ గట్టిగా కంపించింది. సునామీ రావచ్చన్న హెచ్చరిక రేడియోలో వచ్చింది. నలుగురం కారెక్కాం. అమ్మ ఒళ్లో ఇంటి కాగితాలున్న స్టీలు డబ్బా ఉంది. తాళం తిప్పాను. టిక్కుమని ఒక చప్పుడు వచ్చి ఆగింది. మళ్లీ తిప్పాను, అదే చప్పుడు. తాళం పదకొండుసార్లు తిప్పాను. ఇలాంటప్పుడు మనిషి లెక్కపెట్టడు. నేను లెక్కపెట్టాను.

"ఇంక చాలు, దిగండి" అంది నా భార్య. అమ్మను ఆమే దింపి, దారిన పోతున్న ఆటోను ఆపింది. ఆటోవాడు, "జల్దీ, జల్దీ" అని అరుస్తుంటే ముగ్గురూ ఎక్కారు. నాకు అందులో చోటు లేదు. కారును సందు పక్కకు నెట్టి, గట్టు ఎక్కి నిలబడ్డాను.

ఆ రోజు నీళ్లు రాలేదు. సాయంత్రం వచ్చి చూస్తే, ఇంజన్ నుంచి బాడీకి కరెంటు దారి కలిపే రాగి ఎర్త్ పట్టీ లోపల పచ్చటి పొడిగా మారి ఉంది. వానకు అలా అవదు. ఉప్పునీటిలో నానితేనే అలా అవుతుంది.

బతు బస్తీకి వెళ్లి అడిగాను. బాబాయి కూర్చున్న కుర్చీలోంచి కదలకుండా నవ్వాడు. "రంగత్ నుంచొచ్చినప్పుడు అద్దంలా ఉండేది బాబూ. నీ సేతిలో పడినాక ఏటైందో నాకేటి తెలుసు."

అక్కడితో ఆపి ఉంటే, బహుశా కొన్నాళ్లకు నేనూ మరిచిపోయేవాణ్ని. కానీ వచ్చినవాళ్లందరికీ అదే మాట చెప్పాడు: సముద్రం మొహం చూడని మంచి బండినిస్తే ఈ ఇంజినీరు మెయింటెనెన్స్ తెలియక చంపేశాడని. వారం తిరగకుండా ఆ మాట కర్మాగారానికి చేరింది. మా ఫోర్‌మన్ కూడా తెలుగువాడే, నా కంటే పెద్దవాడు. అందరి ముందూ అన్నాడు: "ఏం ఇంజన్ డాక్టర్ సాబ్, చిన్న కారే బతకలేదంట మీ సేతిలో. షిప్పు ఇంజన్ మీకప్పజెప్పాలంటే భయమేస్తంది, డర్ లగ్తా హై."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తరువాతి నెల నుంచి నేను సంతకం చేసిన పనిని ఫోర్‌మన్ ఇంకోసారి తనిఖీ చేయించడం మొదలుపెట్టాడు. పద్నాలుగేళ్లుగా నా సంతకం మీద ఇంకో సంతకం అవసరం పడలేదు. నాకున్న ఆస్తి అదొక్కటే. దాన్ని ఆ మనిషి దుకాణంలో కూర్చుని, మేకులు తూచి ఇస్తూ తీసేశాడు.

ఒక ఆదివారం కారు లోపలి భాగాలన్నీ విప్పాను. నాలుగు తలుపుల లోపలి అట్టలూ తీశాను. నాలుగింటి ఇనుము మీదా ఒకే గీత కనబడింది, గీత కింద గోధుమ రంగు, గీత పైన అసలు రంగు. సీటు బెల్టులను చివరిదాకా లాగితే, మామూలుగా ఎవరూ లాగనంత దూరంలో, అదే ఎత్తుకు సరిపోయే మట్టి మరక. సీటు పట్టాల కింద సన్నటి బూడిదరంగు బురద గట్టిపడి ఉంది. వాన నీళ్లు పైనుంచి కారుతాయి, చారలు పడతాయి. నిలిచిన నీళ్లే ఇలా గీత గీస్తాయి.

గీత కొలిచాను. కారు సమతలం మీద ఉండగా, ముందు తలుపు దగ్గర గీత వెనుక తలుపు దగ్గరి కంటే నాలుగు సెంటీమీటర్లు ఎత్తులో ఉంది. రెండు కొలతల మధ్య దూరం నూట యాభై సెంటీమీటర్లు. అంటే మునిగిన రోజున బండి ముక్కు పల్లానికి ఉంది. సిప్పీఘాట్‌లో వాగు పక్కన బాబాయికి, బండి పట్టేంత సామాన్ల షెడ్డు ఒకటి ఉండేది. సునామీ రోజు భూకంపానికి ఆ చుట్టుపక్కల నేల కుంగి, పోటుకు సముద్రం లోపలికొచ్చాక వదిలేశాడు. ఆటు సమయం చూసుకుని, తాపీమేస్త్రులు మట్టం చూసే నీళ్ల గొట్టం పట్టుకుని వెళ్లాను. గచ్చు వాగు వైపు వాలి ఉంది. నూట యాభై సెంటీమీటర్లకు నాలుగు. ఆ తరువాతి భూకంపమే ఆ గచ్చును వాల్చి ఉండవచ్చు కనుక కోర్టులో ఇది రుజువు కాదు. నాకు సరిపోయింది.

ఇంటికి వచ్చి నా భార్యతో చెప్పాను. "సరే, అమ్మేయండి" అంది.

"అమ్మను. దీన్ని నడిపిస్తాను."

"ఎందుకు?"

"ఇది ఆగిపోతే అతను చెప్పిందే నిజమవుతుంది."

అప్పటి నుంచి ఆ కారు నిర్వహణే నా పగ అయింది. ఎర్త్ కలిసే ప్రతి చోటునూ గీకి, వ్యాజలిన్ పూసి బిగించాను. నేల రేకు కుళ్లిన మేరకు కోసి కొత్త రేకు అతికించాను. తలుపుల అడుగు రంధ్రాలు తెరిచి లోపల గ్రీజు కొట్టాను. కుళాయి నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే ఊళ్లో, వాన నీళ్లు డ్రమ్ములో పట్టి వారానికోసారి కారు కింది భాగం కడిగాను. ప్రతి పని తేదీతో నోటుపుస్తకంలో రాశాను. రోజూ ఉదయం పనికి దగ్గరి దారి వదిలి బతు బస్తీ మీదుగా వెళ్లాను. దుకాణం ముందు గేరు తగ్గించి, ఇంజన్ చప్పుడు బాగా వినబడేలా పోయేవాణ్ని. ఈ లోపు బాబాయి రెండు కొత్త కార్లు మార్చాడు. నాది ఇంకా అతని కళ్లముందే తిరుగుతూ ఉంది. అయినా మాట మారలేదు. "అదృష్టం మీద నడుస్తంది" అనేవాడట.

కార్పెట్ కింది తీగల కట్ట, తాళాలు, బెల్టులు బాగుచేయడం కుదరదు, మార్చవలసిందే. ఈ దీవుల్లో అవి దొరకవు. మా వాళ్లలో ఒక ఆచారం ఉంది. ఎవరైనా ఓడ మీద వైజాగో చెన్నైయో వెళ్తుంటే, ముందురోజు సాయంత్రం అందరూ తమకు కావలసిన వస్తువుల చీటీలు తెచ్చి ఇస్తారు. వెళ్లేవాడు ప్రతి చీటీనీ అందరి ముందూ పైకి చదువుతాడు, తెచ్చేటప్పుడు పొరపాటు రాకూడదని. తీసుకోననడానికి వీల్లేదు. రేపు తనూ ఒకరికి చీటీ ఇవ్వాల్సినవాడే కదా. బాబాయి వైజాగ్ వెళ్తున్నాడని తెలియగానే చీటీ రాసుకుని వెళ్లాను. నాలుగేళ్లు ఎదురుచూసిన రోజు అది.

దుకాణంలో పదిహేను మంది దాకా ఉన్నారు. ఫోర్‌మన్ కళ్లద్దాల ఫ్రేము చీటీతో వచ్చాడు. రంగత్ నుంచి వచ్చి ఇక్కడ మిషను కుట్టే ఒకావిడ, అందరూ దీదీ అంటారు, మిషను బెల్టు కోసం వచ్చింది. నా చీటీ బాబాయి చేతికి వచ్చింది. చదవడం మొదలుపెట్టాడు.

"సీటు బెల్టులు, నాలుగు. తలుపు తాళాలు, నాలుగు. అద్దాలెత్తే మిషన్లు, నాలుగు. కార్పెట్ కింది వైరింగు, పూర్తి సెట్టు..." గొంతు తగ్గింది.

"బాగా వినబడేలా చదువు మామా" అంది దీదీ. "అయినా ఇదేటి, నాలుగుకి నాలుగూ ఒకేసారి పోయాయా?"

ఆ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారని నాకు తెలుసు. జవాబు ఎన్నోసార్లు సిద్ధం చేసుకున్నాను. "నీళ్లు నాలుగు తలుపులకీ ఒకే ఎత్తుకొచ్చాయి" అన్నాను.

"ఏ నీళ్లు?" అన్నాడు ఫోర్‌మన్.

బాబాయి వైపు చూశాను. అందరూ అటే చూశారు.

"సునామీకి రంగత్‌లోనూ నీళ్లొచ్చినాయి కదేటి!" అన్నాడు బాబాయి, కోపంగా.

దీదీ పకపకా నవ్వింది. "అరే మామా, మా బజార్లోకి నీళ్లెక్కడొచ్చాయి? జెట్టీ కాడ నుంచి పరిగెత్తుకొచ్చినోళ్లకి మేమే కదా చాయ్ పోసింది!"

"అది కాదమ్మా..."

"మరి గాడీ సముద్రం మొహం సూళ్లేదన్నావు?" అన్నాడు ఫోర్‌మన్, మెల్లగా. "ఇప్పుడు నీళ్లొచ్చినాయంటున్నావు. ఏది సచ్, ఏది ఝూట్?"

బాబాయి మిగతా చీటీ చదివాడు. పూర్తయ్యేదాకా నేను కదలలేదు. ఇలాంటి సంతోషం ఉంటుందని నాకు అంతకు ముందు తెలియదు. దానికి సిగ్గుపడాలని ఆ తరువాత కూడా అనిపించలేదు.

మూడు వారాలకు తిరిగొచ్చాడు. సామాను ఒక్కటి తక్కువ కాకుండా తెచ్చాడు. కబురు పంపితే వెళ్లాను. షట్టరు సగం దించి, దాని వెనక నిలబడి, "సిప్పీఘాట్‌లోనే ఉందిలే ఆ రోజు. ఇంక చాలా?" అన్నాడు.

"షట్టరు ఎత్తి చెప్పండి బాబాయి."

"యాపారం చేసుకునేవాణ్ని. అలాగెలా సెప్తాను?"

"నాది కూడా పేరు మీద బతికే ఉద్యోగమే."

షట్టరు ఎత్తలేదు. పెట్టె నా చేతిలో పెట్టాడు. మోసుకుని వచ్చేశాను. కర్మాగారంలో నా పని మీద రెండో తనిఖీ ఆ నెలలోనే ఆగిపోయింది.

ఆరు నెలలకు బాబాయి తన కారు అమ్మకానికి పెట్టాడు. కొనబోయినవాడు దీదీ తమ్ముడు. "ఇంజినీరుగారు చూసి బాగుందంటేనే తీసుకుంటాను" అన్నాడట. ఆ మాట నాకు చెప్పడానికి బాబాయే లంబాలైన్‌లో పల్లం వదిలి మేము మారిన కొత్త ఇంటి గుమ్మం దాకా వచ్చాడు.

ఎండ బాగా ఉన్న పూట ఎంచుకున్నాను. కారును దుకాణం ముందు రోడ్డు పక్కన జాకీల మీద ఎత్తించి కిందికి దూరాను. నాకు అక్కడి నుంచి ఎండలో నిలబడ్డ బాబాయి పాదాలు మాత్రమే కనబడుతున్నాయి. కాసేపు ఒక కాలి మీద, కాసేపు ఇంకో కాలి మీద బరువు మారుస్తున్నాడు. దారిన పోయేవాళ్లు ఆగి, "ఏమైంది మామా, బండి చెకింగా?" అని అడుగుతున్నారు. అతను అందరికీ జవాబు చెబుతున్నాడు.

అరగంటలో చూడవలసినదంతా చూశాను. బండి మంచిదే. నిజంగా బాగా ఉంచుకున్నాడు. కాసేపట్లో బయటికి వచ్చి ఆ మాటే చెప్పాలి, అబద్ధం చెప్పి నా సంతకాన్ని మళ్లీ పోగొట్టుకోను.

"బాబూ, అయిందేటి?" అన్నాడు పైనుంచి.

"ఇంకా చూస్తున్నాను బాబాయి" అన్నాను. మరో గంట కిందే పడుకున్నాను.