లైసానీ తల్లికి ఓ పేరుండేది

లైసానీ తల్లి కథ ఎవరో ఒకరు రాసిపెట్టాలి. నేను మూడో తరగతి దాటలేదు. అయినా చేసింది నేను గనక రాసేదీ నేనే.

సువాలో కమింగ్ వీధి మొదట్లో నేను రోటీ పొట్లాలు అమ్ముతాను. ఎదురు బట్టల కొట్లో ఆమె మిషను కుట్టేది. పందొమ్మిదేళ్ళు మధ్యాహ్నప్పూట నా బంగాళాదుంప రోటీయే ఆమె భోజనం. ఫిజీవాళ్ళు తల్లినెప్పుడూ పెద్దబిడ్డ పేరుతోనే పిలుస్తారు, ఇండియన్లం మేమూ ఆమెని అలాగే పిలిచాం. లైసానీ జ్వరమొచ్చి పోయి పదకొండేళ్ళయింది. పిలుపు మాత్రం పోలేదు.

కిందటేడు ఆమె అద్దెకున్న ఇల్లు కూలగొడతామన్నారు. నెల గడువిచ్చారు. ఆమెకి చూస్తే మోకాళ్ళు అరిగిపోయాయి. ఏడింటికల్లా మిషను ముందు లేకపోతే ఆ కుర్చీ కోసం పడుచుపిల్లలు బోలెడుమంది. అందుకని దగ్గర్లోనే, టూరాక్ మిట్టమీద, గది కోసం తిరిగింది. నా ఇంట్లోనా, మనవలకే పడుకోను చోటు లేదు.

"ఎక్కడికెళ్ళినా ఒకటే మాటక్కా," అని నా బల్ల పక్కన కూలబడేది. "మీవాళ్ళలో ఒకరికి గదిస్తే పదిమంది చాపలేస్తారంటున్నారు."

"వెయ్యరా మరి?"

"నాకెవరున్నారని! చాప కూడా ఒక్కటే."

ఆఖరికి రాజ్‌మతి అని మా ఇండియన్ ఆవిడ కింద వాటా చూపించిందట. కిటికీలోంచి కొట్టు బోర్డు కనిపిస్తుందట. "మావాళ్ళెవరైనా నీ గురించి మంచిమాట చెబితే ఇస్తా," అందట. ఈమె నా నంబరిచ్చింది. నాకు ముందుగా చెప్పాలని ఆమెకి తోచనేలేదు.

మర్నాడు పెనం మంచి వేడి మీదుండగా ఫోను మోగింది.

"వసేమదా తుయ్‌లావూ మీకు తెలుసా?"

"ఎవరమ్మా అది?"

"మీ నంబరు ఆవిడే ఇచ్చింది. మీకు బాగా తెలుసంది."

"నాకలాంటిదెవరూ తెలీదు. నా పేరు చెప్పుకు బతికే దొంగమొహాలు ఈ వీధినిండా ఉన్నారు!"

ఇంకోమాట అననివ్వకుండా పెట్టేశాను. గట్టిగా బుద్ధి చెప్పానని ముగ్గురికి చెప్పుకున్నాను కూడా.

సాయంత్రం ఆమె వచ్చింది. "గది పోయిందక్కా. నేనెవరో తెలీదన్నావట."

"నేనా? నిన్నా?"

"వసేమదా అంటే నేనే."

పందొమ్మిదేళ్ళలో ఆ పేరు ఆమె నోట వినలేదు. అదే మొదటిసారి.

"పోనీలే," అంది. "వసేమదా తెలుసా అని నన్నడిగినా, ఎవరమ్మా అది అనేదాన్ని."

అప్పటికప్పుడు రాజ్‌మతి ఇంటికి మిట్ట ఎక్కాను. ఆమె తలుపు సగమే తీసింది. "మధ్యాహ్నం తెలీదన్నావు, దీపాలవేళకి చెల్లెలైపోయిందా? ఏం పెట్టింది నీకు?" అని మొహం మీదే వేసేసింది. అనాల్సిందే. ఆవిడ చోట ఉంటే నేను ఇంకా అనేదాన్ని.

లైసానీ తల్లి ఎక్కడో దూరాన నౌసోరి వంతెన అవతలికి పోయింది. చీకటితో బస్సెక్కినా వంతెన మీద బళ్ళు కదిలితేగా. ఆలస్యం మూడోసారి అయ్యాక కొట్టువాడు రావద్దన్నాడు.

ఇప్పుడు ఆ కుర్చీలో కూర్చునే పిల్ల మొన్న రోటీకొచ్చింది. పేరు, ఇంటిపేరు, రెండూ రెండుసార్లు చెప్పించుకుని అప్పుడు పొట్లం చేతికిచ్చాను.