కుప్పం నుంచి కురబలకోటకు ఒక పాత లేత్

మదనపల్లెలో ఇంకొకరి వర్క్‌షాపులో టర్నర్‌గా చేసి, కురబలకోటలో సొంత షెడ్డు వేసుకున్నాక నాకు కావలసింది ఇనుప కడ్డీలను తిప్పుతూ కోసే లేత్ మిషన్. మా వైపు రైతులకు బోరు మోటారు షాఫ్టు అరిగితే టౌనుకు పోవలసిందే. కొత్త మిషన్ కొనే స్తోమత నాకు లేదు. కుప్పంలో మునెప్ప అనే పెద్దాయన తన కొట్టు మూసేస్తూ ఆరడుగుల పాత లేత్ అమ్ముతున్నాడని తెలిసి, తెల్లవారకముందే మా ఊరి ఖాజా పికప్ బండిలో బయలుదేరాను. రానుపోను బాడుగ ఆరు వేలు. పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా దారి. పలమనేరులో ఇడ్లీలకు ఆగినా పొద్దున పదిలోపే కుప్పం చేరాం.

లేత్ నిండా తుప్పు. కిరోసిన్ గుడ్డతో కింది పొడవాటి దిమ్మెను, అంటే బెడ్‌ను, తుడిచాను, గుంటలు లేవు. కడ్డీని బిగించే చక్ పట్టుకుని పైకీ కిందికీ ఊపాను, కదల్లేదు. బేరింగులు బాగున్నట్టే.

"పాత ఇనుమోళ్లు గూడా వచ్చిపోయినారు, పగలగొట్టి ఎత్తుకపోతామన్యారు. నువ్వు నడుపుతావామ్మా?" అన్నాడు మునెప్ప.

"నడిపేదానికి కాకుంటే ఇంత దూరం యాల వస్తానప్పా?" అన్నాను. నేను చెప్పిన ధరకు ఆయన ఇంక బేరమాడలేదు, డబ్బు తీసుకున్నాడు.

చెయిన్ పుల్లీతో ఎత్తించి, బరువుండే మోటారు వైపును క్యాబిన్‌కు ఆనించి, తాళ్లు బిగించేసరికి మధ్యాహ్నమైంది. పుంగనూరులో టీకి ఆగినప్పుడు మునెప్ప ఇచ్చిన విడిభాగాల సంచి విప్పి చూస్తే మరలు కోసేందుకు విడిగా బిగించే గేర్లు లేవు. అవి లేకుంటే షాఫ్టు నునుపు చేయగలను గానీ దానికి నట్టు ఎక్కే మర వేయలేను. సగం పని పోయినట్టే. పొద్దున కొట్టులో బల్ల కింద వాటిని చూశాను. మునెప్పకు ఫోన్ చేశాను.

"అప్పా, గేర్లు యాడ ఉండాయి?"

"నా కాడనే ఉండాయమ్మా. సంచిలో ఏద్దామంటే సెయ్యి రాలేదు."

"పుంగనూరులో ఉండాం. మేమే వెనక్కి వస్తాం."

"అంత బరువేసుకుని యాల తిరిగేది? ఆడనే ఉండు, బస్సుకు వస్తాండాను."

"రాడులేక్కా. ఇచ్చేటోడైతే పొద్దున్నే ఇచ్చుండేటోడు" అన్నాడు ఖాజా. నాకు మాత్రం వస్తాడనే అనిపించింది. పొద్దు వాలుతుండగా పలమనేరు బస్సు దిగాడు మునెప్ప, భుజాన గోనెసంచి మోసుకుంటూ. సంచి నా చేతికిచ్చి వెనక్కి పోతాడనుకున్నాను.

"నేనూ వస్తా. మట్టం సూసి నిలబెట్టినాక పోతా" అని క్యాబిన్‌లోకి ఎక్కి కూర్చున్నాడు.

మా ఇంట్లో సంకటి తింటూ రెండు రోజులున్నాడు. ఇద్దరం తుప్పు గీకాం, గేర్‌బాక్సులో నూనె మార్చాం, లేత్ కాళ్ల కింద రేకు ముక్కలు పెట్టి బెడ్ మట్టం చేశాం. ఉత్త చక్‌ను తక్కువ వేగంలో చాలాసేపు తిప్పి, చప్పుడు కుదురుకున్నాక ఒక కడ్డీ బిగించాను. హ్యాండిల్ ఆయనకు వదిలి పక్కకు జరిగితే, "నువ్వే తిప్పు" అన్నాడు. మర కోశాక నట్టు ఎక్కించి చూస్తే వేళ్లతోనే చివరిదాకా పోయింది. ఆయన దాన్ని రెండుసార్లు ఎక్కించి, తీసి, నా చేతిలో పెట్టాడు.

"ఇంగ నన్ను బస్సెక్కియ్యి" అన్నాడు.

గేర్లు అట్టిపెట్టుకున్నందుకు నాకు కోపం రాలేదు. బతుకంతా పక్కనున్న మిషన్ ఒక పూటలో బండెక్కితే, ఎవరికైనా ఏదో ఒకటి మిగుల్చుకోవాలనే ఉంటుంది. పాత లేత్ కొనబోయే వారికి నేను చెప్పేది ఒకటే. డబ్బు చేతికిచ్చే ముందు, అమ్మే మనిషి చేతనే ఒక మర కోయించి చూడండి. గేర్లన్నీ ఉన్నదీ లేనిదీ అక్కడే తేలిపోతుంది. ఆ మనిషికి ఇంకొక్కసారి తన మిషన్ తిప్పుకునే వీలూ దొరుకుతుంది.