యాదమ్మకు మతి లేదని రాసిన ఘనత నాదే

ఒక నిక్షేపంలాంటి మనిషికి మతి లేదని రాసి, కింద సంతకం కూడా పెట్టి, ఆమెను ఇంట్లో కూర్చోబెట్టించిన కథ ఇది. నవ్వేవాళ్లు ఇప్పుడే షురూ చేయండి, తర్వాత ఊపిరాడదు.

రెండేళ్ల కిందటి మాట. అప్పటికి నేనింకా చిన్నదాన్ని, యాభై ఎనిమిదే. నలభై తొమ్మిదో ఏట అఆలు దిద్ది, ఓపెన్‌లో పదీ ఇంటరూ గట్టెక్కి, సికింద్రాబాద్‌లో డిగ్రీలో చేరాను. సబ్జెక్టు జెరంటాలజీ, అంటే ముసలితనం గురించిన చదువు. పిల్లలకు పుస్తకంలో అర్థం కానిది పక్క బెంచీలో నన్ను చూస్తే అర్థమయ్యేది. ఈ చదువుకు ముందు ముందు ఉద్యోగాలే ఉద్యోగాలని లెక్చరర్ మేడం అన్నారు. అందరూ రిటైరయ్యే ఈడుకు నాకు కొలువు రాబోతోందని మురిసిపోయాను.

ప్రాక్టికల్స్‌కు తిరుమలగిరిలో పెద్దవాళ్లు పగలు గడిపే ఒక కేంద్రానికి పంపారు. చేతిలో జ్ఞాపకశక్తి పరీక్ష ఫారం. నా వంతుకు వచ్చింది యాదమ్మ, డెబ్భై నాలుగేళ్లు. రోజూ రాంగోపాల్‌పేట్ నుంచి ఒక్కతే బస్సులో వచ్చి, సాయంత్రం మునిమనవరాలిని బడి నుంచి తీసుకుని ఇల్లు చేరేది. ఆ పని ఆమెకు ప్రాణం.

నేను పుస్తకం భాష బయటికి తీశాను. "యాదమ్మగారూ, నేడు తేదీ ఎంత?"

"దశమి."

సున్నా. ఫారంలో దశమికి చోటు లేదు.

"నెల?"

"శ్రావణం. గది సుత ఎర్కలేదా చెల్లె?"

ఇంకో సున్నా.

"గడియారం బొమ్మ గీయండి."

రొట్టెలాంటిది గీసి, "గోడకున్నది సాల్తలేదా?" అంది.

"ఒక వాక్యం రాయండి."

"ఇంకు డబ్బా ఏది?" అని బొటనవేలు చాపింది.

కూడి చూస్తే యాదమ్మ ఘోరంగా ఫెయిల్. "తీవ్రమైన మతిమరుపు. ఒంటరిగా బయటికి పంపరాదు" అని రాశాను. ఆ 'వ్ర' కింది వత్తు ఎంత ముద్దుగా కుదిరిందో! ఆ మాట కొట్టేయడానికి ఎవరికైనా చేతులొస్తాయా?

ఇంచార్జి మేడం అది చదివి యాదమ్మ ఇంటికి ఫోన్ చేశారు. మర్నాడు మనవడి భార్య ఆమెను చెయ్యి పట్టుకుని తెచ్చింది, దొంగను స్టేషన్‌కు తెచ్చినట్టు.

"నాకు మతి లేదని రాసినవంట?"

"ఫారం జెప్పింది యాదక్కా."

"ఫారమా! నా ఆధార్ కార్డు గుంజుకున్నరు, అది సూపెట్టకుంటె ఆడోళ్ల ఫ్రీ టికెట్ ఇయ్యరు, ఇగ బస్సెట్ల ఎక్కాలె? పోరిని బడికెళ్లి తెచ్చుడు సుత బంద్ పెట్టిన్రు. నిన్న నువ్వు నెమలిరంగు చీర కట్టినవ్, కొంగుకు చాయ్ మరక. పెన్ను రెండుసార్లు కింద పడేసినవ్. నడుమల ఫోన్ల కోడలితోని పప్పుల ఉప్పెక్కువైందని లొల్లి బెట్టుకున్నవ్. ఇంకా జెప్పాల్నా?"

"వద్దక్కా."

"సదువు రాకముందు నువ్వు బస్సెక్కలేదా? ఎవరన్న ఆపిన్రా?"

నా చదువు కథ వచ్చిన రోజే కేంద్రంలో అందరికీ చెప్పుకున్నాను మరి. నలభై తొమ్మిదేళ్లు ఒక్క బోర్డు చదవకుండా ఊరంతా తిరిగినదాన్ని. అప్పుడు ఈ ఫారం నా ముందు పెట్టి ఉంటే నన్నూ ఇంట్లో కట్టేసేవారు.

మా ప్రాక్టికల్స్ చూడడానికి కేంద్రానికి వచ్చిన లెక్చరర్ మేడం దగ్గరికి పరుగెత్తాను. "మేడం, ఈ ఫారమే తప్పు!"

"మొదటి లైను చదివారా అమ్మా?"

లావుపాటి అక్షరాల్లో ఉంది: 'చదవడం, రాయడం వచ్చినవారికి మాత్రమే.' పై లైనులో ఎప్పుడూ కాలేజీ పేరే కదా అని నేను రెండో లైను నుంచి మొదలుపెట్టాను!

చదువు రానివారికి వేరే ఫారం ఉందట, అన్నీ నోటితోనే అడగాలట. తిథి సరిగ్గా చెప్పినా మార్కు వేయాలట. మళ్లీ కూర్చున్నాం.

"ఇయ్యాల ఏంది అక్కా?"

"ఏకాదశి. ఉపాసమున్న, జెల్ది అడుగు."

ఒక్కటీ తప్పలేదు. పాత కాగితం చింపి, తప్పంతా నాదేనని ఇంచార్జి మేడంకు రాసిచ్చాను. సాయంత్రం మనవడి భార్య కార్డు తిరిగిచ్చి, "తోడు రానా అవ్వా?" అంది.

"నాకెందుకే తోడు? గీ సదువుకున్నామెను జెర రోడ్డు దాటించు, పాపం."

ఆ పిల్ల నిజంగానే నా చెయ్యి పట్టుకుంది. నేనూ బుద్ధిగా దాటాను.

కనుక, నా డిగ్రీ పుస్తకాల మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. పెళ్లిపత్రికైనా, పకోడీల పొట్లమైనా సరే, ఈ జన్మలో మొదటి లైను చదవకుండా రెండో లైనుకు పోను.