ఆనందకుమారి పొయ్యి, అయ్యగారి చెయ్యి

ఎవరైనా "మీరు కూర్చోండి, మేం చూసుకుంటాం" అంటే ఆనందకుమారికి ఒళ్ళు మండుతుంది. ఆ మాట జన్మంతా తను ఇతరులతో అన్నది. ఢిల్లీలో ఒక పెద్దాసుపత్రిలో నర్సుగా చేరింది మొదలు రిటైరయ్యేదాకా ఎంతమందిని కూర్చోబెట్టిందో, పడుకోబెట్టిందో లెక్కలేదు. రేపల్లె దగ్గర్నుంచి వచ్చిన కొత్తలో హిందీ ముక్క రాకపోయినా రోగి చెయ్యి తడిమి నరం దొరకబుచ్చుకునేది. వార్డులో కరెంటు పోయినా ఆవిడ సూది ఆగేది కాదు.

అలాంటి మనిషిని కళ్ళు మోసం చేశాయి. గ్లకోమా అన్నారు. ఎదురుగా ఉన్న మనిషి తెలుస్తుంది, మొహం తెలియదు. గోడ తెలుస్తుంది, గోడ మీది క్యాలెండరు తెలియదు. ఆవిడ ఏడ్చింది, మొహం కడుక్కుంది, వంటలోకి వెళ్ళింది. మయూర్ విహార్‌లో ఆ ఫ్లాటు ఆవిడది, ఆ వంటగది ఆవిడది. ఏ డబ్బాలో ఏముందో, గ్యాస్ పొయ్యి నాబ్ ఎంత తిప్పితే మంట ఎంత తగ్గుతుందో వేళ్ళకి కంఠతా వచ్చు. కళ్ళు పోతే పోయాయి, వేళ్ళున్నాయి కదా అనుకుంది.

పైగా ఆ వేళ్ళకి మానకూడని పని ఒకటుంది. ప్రతినెలా మొదటి ఆదివారం వాళ్ళ తెలుగు చర్చిలో బల్ల, అంటే ప్రభురాత్రి భోజనం. ఆ రోజు ప్రభువు బల్ల మీద పెట్టి విరిచే పులియని రొట్టె ఆనందకుమారి పెనం మీద నుంచే వెళ్ళాలి. భర్త సిలాసు సంఘపెద్దగా ఉన్నప్పుడు మొదలైన పని అది. ఆయన పోయాక కూడా ఆవిడ ఒక్క నెల మానలేదు. శనివారం సాయంత్రం తలస్నానం చేసి, నెత్తిన కొంగు కప్పుకుని, పాలతో మైదా పిసికి, సన్నని సెగ మీద కాలుస్తుంది. అంతసేపూ ఎవరితోనూ మాట్లాడదు. ఆ మాత్రం నిశ్శబ్దం ఆ ఇంట్లో మరెప్పుడూ ఉండదు.

ఒకరోజు పొయ్యి మీద పాలు పెట్టి బాల్కనీలో బట్టలు తీస్తుంటే పాలు పొంగి మంట ఆరిపోయింది. కొడుకు నోయల్ ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇల్లంతా గ్యాస్ వాసన. వాడి మొహం ఎలా ఉందో ఆవిడకి కనపడలేదు గాని, కిటికీలు దబదబా తీస్తున్న చప్పుడులోనే భయం తెలిసింది. తప్పు జరిగిందని ఆవిడే ఒప్పుకుంది. కాని ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు, ఆ ఒక్క పొంగుకి వంటగది రూపమే మార్చేశారు. గ్యాస్ పొయ్యి పోయింది. దాని చోట నల్లటి గాజుపలక ఇండక్షన్ పొయ్యి వచ్చింది. పైన చిమ్నీ కూడా గాజుదే. అన్నిటికీ టచ్చే.

"మమ్మీ, అబ్ ఆరామ్ కరో. ఇక నువ్వు వంటగదిలోకి రానక్కర్లేదు" అన్నాడు నోయల్, ఎంతో ప్రేమగా. ప్రేమగా అన్నాడు కాబట్టే తిట్టడానికి నోరు రాలేదు.

కొన్నాళ్ళు ఆ పొయ్యిని ఆవిడ గమనించింది. మంచిని మంచి అనడానికి ఆవిడకేం నామోషీ లేదు. గిన్నె తీస్తే తనే ఆరిపోతుంది. మంట లేదు, వాసన లేదు, కొంగంటుకుంటుందన్న భయం లేదు. ఢిల్లీ జూన్ ఎండల్లో కూడా వంటగది కుంపటి కాలేదు. మూలమూలలా జిడ్డు గీకే పని తప్పి, మసిగుడ్డతో ఒక్క తుడుపు తుడిస్తే అద్దమైపోతుంది. ఆసుపత్రిలో పొద్దంతా నిలబడి వచ్చే కోడలు పెర్సిస్‌కి అది వరమే.

కాని ఆనందకుమారి వేళ్ళకి అక్కడ ఏమీ దొరకలేదు. గుంట లేదు, మిట్ట లేదు, అంతా నున్నని గాజు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఒక ఉపాయం చేసింది. ఆసుపత్రి అలవాటుకొద్దీ పెట్టెలో ఉంచుకున్న ప్లాస్టరు చిన్న చిన్న ముక్కలు కత్తిరించి, ఇది ఆన్, ఇది ఎక్కువ, ఇది తక్కువ అని, బటన్ల బదులు గాజులో మెరిసే చుక్కల మీద అంటించింది. తర్వాత వాటికోసం తడిమితే, తడిమినవన్నీ కీచుకీచుమని పనిచేశాయి. వెతికే వేలికీ నొక్కే వేలికీ తేడా ఆ పొయ్యికి తెలియదు. నాబ్ అలా కాదు, మనం పట్టుకుంటే ఊరుకుంటుంది, తిప్పితేనే తిరుగుతుంది. చివరికి ఏదో తాళం పడి పొయ్యి బిగుసుకుపోయింది. సాయంత్రం టీ పెట్టుకోలేక నోయల్ తల పట్టుకున్నాడు.

"అత్తయ్యా, మీకెందుకండీ ఈ శ్రమ? నన్నడిగితే పెట్టివ్వనా?" అంది పెర్సిస్, ప్లాస్టరు ముక్కలు పీకుతూ.

ఆ మాటకీ ఆవిడ ఊరుకుంది. నోయల్ అన్న తర్వాతి మాట మాత్రం గుండెలో గుచ్చుకుంది.

"మమ్మీ, ఈ నెల బల్లకి రొట్టె బేకరీలో ఆర్డరిచ్చాం. పాస్టరు అయ్యగారితో కూడా చెప్పేశాను."

ఆ రాత్రి ఆవిడకి అన్నం సహించలేదు. కళ్ళు పోయినప్పుడు దేవుడితో పోట్లాడింది. ఇప్పుడెవరితో పోట్లాడాలో తెలియలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని పైకి ఒక్కమాటా అనలేదు.

ఆ గురువారం కొత్త వంటగది కోసం ప్రార్థన పెట్టుకున్నారు. లెవి పాస్టరుగారు సంఘస్థులు నలుగురిని వెంటబెట్టుకుని వచ్చారు. ఆయనకి ఒక పద్ధతి ఉంది. కొత్త స్కూటరైనా, కుట్టుమిషనైనా, చెయ్యి ఉంచి ప్రార్థిస్తేనే ఆయనకి ప్రార్థన చేసినట్టుంటుంది. పెర్సిస్ అప్పటికే టీకి పాలు సన్న సెగన పెట్టింది. గాజు అంచు కాలదని తెలుసుకుని అయ్యగారు పొయ్యి ముందుభాగాన నిండుగా అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకున్నారు. అందరూ మూసుకున్నారు.

"ప్రభువా, ఈ ఇంటి అన్నపానాలను దీవించు..."

పొయ్యి కీచుమంది. ఎవరి ఫోనో అనుకున్నారు. "స్తోత్రం" అన్నారు. మళ్ళీ కీచుమంది, మళ్ళీ, మళ్ళీ. అయ్యగారి వేలు సెగ పెంచే చుక్క మీద పడిందని ఆ గదిలో ఒక్క ఆనందకుమారికే అర్థమైంది. ఒక పూటంతా ఆ కూతలతో కుస్తీ పట్టిన మనిషి కదా. పాలు గుసగుసలాడడం కూడా ఆవిడకి వినపడింది. ఒక్కమాట అంటే ఆగేది. ప్రార్థన మధ్యలో మాట్లాడకూడదన్న మర్యాద ఒకటుంది, అది అప్పుడు ఆవిడకి బాగా గుర్తొచ్చింది. కళ్ళు ఇంకాస్త గట్టిగా మూసుకుంది.

అయ్యగారి ప్రార్థన పొడుగు. ఇంటి నుంచి సంఘానికి, సంఘం నుంచి దేశానికి వచ్చేసరికి పాలు పొంగాయి. గిన్నె దిగి, గాజు మీద పారి, అయ్యగారి వేళ్ళకి తగిలాయి. ఆయన చెయ్యి లాక్కుని గబగబా ఆమెన్ అనేశారు. చుక్కల మీద పాలు పడగానే పొయ్యి నాలుగు కూతలు కూసి తనంతట తనే ఆరిపోయింది.

పెర్సిస్ గుడ్డ తెచ్చింది. నోయల్ అయ్యగారి చెయ్యి కుళాయి కింద పెట్టించాడు. వేళ్ళు కాస్త ఎర్రబడ్డాయి, అంతే. అందరూ సద్దుమణిగాక ఆనందకుమారి గోడ వదిలి ముందుకొచ్చింది.

"అయ్యగారూ, మీ కళ్ళు బాగానే ఉన్నాయి కదండీ?"

"దేవుని దయవల్ల బాగానే ఉన్నాయమ్మా."

"నా చేతిలో ఒక్కసారి పాలు పొంగితే మావాడు నా వంటగది తీసేసుకున్నాడు. నా రొట్టె తీసేసుకున్నాడు. ఇవాళ మీ చేతిలో పొంగాయి. మరి మీరు వాక్యం చెప్పే పుల్పిట్ తీసేసుకుంటారా?"

కుళాయి కట్టెయ్యడం నోయల్ మరిచిపోయాడు.

"మమ్మీ, ఆ రోజు నేను రావడం లేటయ్యుంటే? ఎంత భయపడ్డానో నీకు తెలుసా?" అన్నాడు నోయల్, కుళాయి కడుతూ.

"తెలుసురా. భయపడొద్దన్నానా? నీ భయానికి నా చేతులు కట్టేస్తానంటే మాత్రం నేనొప్పుకోను. గ్యాస్ వద్దంటే వద్దు, మానేస్తా. ఈ గాజుది మీరుంచుకోండి, పాలకి నయమే. నాకో నాబ్ కావాలి. తిప్పితే తిరిగేది."

అయ్యగారు చెయ్యి తుడుచుకుంటూ అన్నారు. "నోయలూ, బేకరీవాడికి ఫోన్ చేసి వద్దని చెప్పు బాబూ. నాకు పుల్పిట్ తప్ప ఇంకో పని చేతకాదు."

మర్నాడు అత్తాకోడళ్ళు బజారుకెళ్ళారు. కొట్టువాడు వెనకగదిలోంచి కరెంటు పొయ్యి ఒకటి దుమ్ము దులిపి తెచ్చాడు. ఒకే తీగచుట్ట, ఒకే నాబ్.

"ఆంటీజీ, ఇది పాత మాల్. ఇప్పుడంతా టచ్చే."

ఆనందకుమారి నాబ్ తిప్పింది. మెట్టుమెట్టుకీ టిక్కుమంది. ఎక్కడ మొదలో, ఎక్కడ చివరో వేలికి తెలిసింది.

"నేనూ పాత మాలే భయ్యా. ప్యాక్ చెయ్యి."

శనివారం సాయంత్రం నెత్తిన కొంగు కప్పుకుని పొయ్యి ముందు నిలబడింది. కొత్త పొయ్యి, దాని సెగ ఇంకా చేతికి అలవాటు కాలేదు. "ఎర్రగా కాలిందో లేదో చూడనా అత్తయ్యా?" అని పెర్సిస్ గుమ్మంలోంచి అడిగితే వద్దన్నట్టు చెయ్యి ఊపింది. ముక్కుంది, వేళ్ళున్నాయి.

ఆదివారం అయ్యగారు రొట్టె పైకెత్తి విరిచారు. పళ్ళెం వరసలు దాటుకుంటూ వచ్చింది. నోయల్ తల్లి అరచేతిలో ఒక ముక్క పెట్టి, తనొకటి తీసుకుని, చెవి దగ్గర మెల్లగా అన్నాడు. "మమ్మీ, ఒక పక్క మాడింది."

"మాడనీ. మనింట్లో మాడింది" అంది ఆనందకుమారి, రొట్టె నోట్లో వేసుకుంటూ.