లీటరు నీళ్లకు ఏడు నిమిషాలు

ఏడో తరగతితో బడి మానేసినా, మార్కాపురం పలకల కార్ఖానాలో డజన్లు లెక్కపెట్టి లెక్కపెట్టి లెక్కలు నేర్చుకున్నవాణ్ణి. ఆ లెక్కలను ఇంట్లో గ్యాస్ పొయ్యి మీదికి తేవడమే నేను చేసిన పొరపాటు.

మా ఇంట్లో సిలిండరు ముప్పై ఎనిమిది రోజులు వచ్చేది. పప్పు నానబెట్టి, గిన్నెకు మూత పెట్టి, పొంగు వచ్చాక మంట తగ్గిస్తే నలభై ఐదు రావాలని తేల్చాను. ఆ సంగతి నా భార్యకు ఎన్నిసార్లు చెప్పానో నేను లెక్కపెట్టలేదు. ఆమె పెట్టింది.

"ఈ వారంలో తొమ్మిదోసారి చెప్తాండావు" అంది. "ఈ పొద్దే కొత్త సిలిండరు పెట్టినాము. మంట నువ్వే చూసుకో. నలభై ఐదు రోజులు వస్తే నువ్వు చెప్పినట్టల్లా వండుతా. రాకపోతే వంటింట్లో నోరెత్తగూడదు. పొయ్యి తుడిచే పని కూడా నీదే."

పీట మీద కూర్చుని కూరగాయలు తరుగుతున్న మా అమ్మ, "నోరెత్తకుండా వీడెట్ల బతుకుతాడే" అంది కోడలితో.

ఆ రోజే బర్నర్లు విప్పి వేడినీళ్లలో నానబెట్టాను. పెద్ద బర్నరుకు తొంభై ఆరు రంధ్రాలు, అందులో పదకొండు మూసుకుపోయి ఉన్నాయి. పిన్నీసుతో పొడిచి, ఎండలో ఆరబెట్టి బిగించాను. మంట నీలంగా, నిలకడగా వచ్చింది. ఎంత బాగుపడిందో కొలవాలి గదా. స్టీలు గిన్నెలో లీటరు బోరు నీళ్లు పోసి, మూత పెట్టి కాచాను. ఏడు నిమిషాలు పట్టింది. గోడకు తగిలించిన పలక మీద రాశాను.

ఒక్క కొలతను నమ్మలేం. అందుకని రోజుకు మూడు పూటలా అదే గిన్నె, అదే లీటరు. మూడో వారానికి ఏడుంబావు నిమిషాలైంది, ఐదో వారానికి ఏడున్నర. బర్నరులోనే లోపం ఉందనుకుని మళ్లీ విప్పి కడిగాను. ఒకసారి తడి ఆరకముందే బిగిస్తే మంట పసుపుపచ్చగా లేచి గిన్నె అడుగు మసిబారింది.

ముప్పై ఆరో రోజు పొద్దున, నా లీటరు ఇంకా పెట్టకముందే, కందిపప్పు కింద మంట సన్నబడి ఆరిపోయింది. సిలిండరును ఊపి చూశాను. ఖాళీ.

"పప్పు ఉడకలా" అంది నా భార్య.

"బర్నరులో ఏదో ఉంది. లీటరు నీళ్లకు అర నిమిషం ఎక్కువ పడతాంది."

ఆమె నా కొలత గిన్నెను తీసి కిటికీ వెలుతురుకు పట్టింది. లోపలంతా తెల్లటి గార, గోటితో గీకినా రాలనంత గట్టిగా ఉంది.

"మన బోరు నీళ్లు పూటపూటా కాస్తే గార కట్టదా? గిన్నె కింద చూస్తివి గానీ లోపల చూడకపోతివి. సరేగానీ, ఆ కాగిన నీళ్లన్నీ ఏం జేసినావు?"

"చల్లారబెట్టి చెట్లకు పోసినా."

మా అమ్మ కత్తిపీట పక్కన పెట్టింది. "గ్యాసు పొదుపని నువ్వు చెప్తే, నేను ఐదు వారాల నుంచి చన్నీళ్లు పోసుకుంటాండా గదరా నాయనా."

పలక అందుకుని లెక్క వేశాను. నూట ఐదు లీటర్లు. పన్నెండు గంటలకు పైగా పెద్ద మంట. పలక తుడిచేశాను.

తర్వాతి సిలిండరు ఆమె చేతిలో, అమ్మకు రోజూ వేడినీళ్లు కాస్తూ కూడా, నలభై ఒక్క రోజులు వచ్చింది. పప్పు నానబెట్టింది. గిన్నెకు మూత పెట్టింది. ఆ రెండూ ఎవరు చెప్పారని అడగబోయాను. మాట నోటిదాకా వచ్చింది.

పొయ్యి చల్లారింది గదా, తడిగుడ్డ తీసుకుని తుడవడం మొదలుపెట్టాను.